ఎక్కినవాడి జేబులో ఫ్యూజు

నాకు కుదురు లేదని అమ్మ నా చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. కూర్చుంటే కాలు ఊపుతాను, నిలబడితే తాళంచెవులు ఆడిస్తాను, బస్సు ఆలస్యమైతే నడవడం మొదలుపెడతాను. కాలుగాలిన పిల్లి అని ఇంట్లో నాకు పేరు. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న ఆ ఏళ్లలో మాత్రం నా ఒక్కదానికే కాదు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా అందరికీ కాళ్లు కాలినట్టే ఉండేది. పొద్దున్నే పాలప్యాకెట్ కోసం దిగినవాళ్లు షాపులో ముందు అడిగేది పాల సంగతి కాదు. "ఇయ్యాల బందున్నదా?" అని ఒకరు, "ఈరోజు బందా అండీ?" అని ఇంకొకరు. షాపాయన ఇద్దరికీ ఒకేలా భుజాలు ఎగరేసేవాడు.

మాది కృష్ణా జిల్లా వైపు. నాన్న కొత్తపేటలో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు. రాత్రి అన్నం ముందు కూర్చోగానే టీవీ పెట్టి, "ఉందామా, సర్దుకుందామా?" అని అడిగేవారు. రోజూ అదే. అమ్మ జవాబు చెప్పకుండా పెరుగు వడ్డించేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఉండేవాళ్లు ఉంటారు, పోయేవాళ్లు పోతారు, రోజూ కంచం ముందు అడగడం దేనికి? కానీ ఆ ప్రశ్న గొంతులో చేపముల్లులా నాలోనూ ఉండిపోయింది. రోడ్డు మీద నా మాట విని ఎవరైనా ఒకసారి తిరిగి చూస్తే, ఎందుకు చూశారా అని ఇల్లు చేరేదాకా ఆలోచించేదాన్ని.

నా ఉద్యోగం నీళ్ల ట్యాంకుల దగ్గర. మాదొక చిన్న కంపెనీ, రేడియోలు బిగించడం, బాగుచేయడం మా పని. పాటలొచ్చే రేడియోలు కావు, అంకెలు పంపేవి. స్తంభాల మీద నిలబెట్టిన పెద్ద ట్యాంకు చూశారు కదా, దాని కింద ఒక చిన్న గది ఉంటుంది. ఆ గదిలో ఒక రేడియో, ట్యాంకు నెత్తి మీద చిన్న టవరు, దానికొక యాంటెన్నా. లోపల నీళ్లు ఎంతున్నాయో ఆ రేడియో కాసేపటికోసారి కంట్రోల్ రూముకు చెబుతుంది. అది చూసి అక్కడివాళ్లు ఏ ట్యాంకు నింపాలో, ఏది ఆపాలో చూసుకుంటారు. ఎండాకాలంలో రోజు విడిచి రోజు నీళ్లొచ్చే కాలనీల్లో ఆ అంకె తప్పితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. బిందెలు రోడ్డు మీదికొస్తాయి.

పాత రేడియోలు ఇనప్పెట్టెల్లా ఉండేవి. మోసుకెళితే భుజం పడిపోయేది. చెప్పాల్సింది చెప్పే ముందు గొంతు సవరించుకునే ముసలాయనలా గరగరమనేవి. వాటికి విడిభాగాలు దొరకడం ఎప్పుడో మానేసింది. ఒకటి చస్తే దాని పేగులు తీసి ఇంకొకదానికి పెట్టి నడిపించేవాళ్లం. పైగా ఎల్బీనగర్ అవతల రోజుకొక అపార్ట్‌మెంటు లేచి అడ్డం నిలబడేది, మొన్న వినబడిన ట్యాంకు ఇవాళ వినబడేది కాదు. అయినా గుడ్డికన్నా మెల్ల మేలని నెట్టుకొచ్చాం. చివరికి కొత్తవి వచ్చాయి. అరచేతిలో పట్టేంత చిన్నవి, పాతది గొంతు సవరించుకునేలోపు పని ముగించేసేవి. చిక్కల్లా ఏమిటంటే కొత్తదాని భాష పాతదానికి రాదు, పాతదాని భాష కొత్తదానికి రాదు. అందుకని వరుస ముఖ్యం. దూరపు ట్యాంకులు ముందు మార్చాలి, దగ్గరికి జరుగుతూ రావాలి.

మా వరుసలో ఎల్బీనగర్ ట్యాంకు నడిమధ్యన ఉండేది. అవతల హయత్‌నగర్ వైపువీ నాదర్‌గుల్ వైపువీ కంట్రోల్ రూముకు నేరుగా వినబడవు. వాటి మాట ఈ ట్యాంకు అందుకుని ముందుకు పంపాలి. అవతలి వాటన్నిటికీ పాతవి తీయకుండా పక్కనే కొత్తవి బిగించి పెట్టాం. ఇక ఎల్బీనగర్‌లో పాతది తీసి కొత్తది పెట్టే రోజు మిగిలింది. ఆ మధ్యలో ఎంతసేపు పడితే అంతసేపు అవతలి ట్యాంకులన్నీ కంట్రోల్ రూముకు కనిపించవు, వినిపించవు.

ఎక్కే పని నాది కాదు. మా కంపెనీలో టవర్లు ఎక్కే మనిషిని నేను అన్నా అనే పిలిచేదాన్ని. నల్గొండ జిల్లా నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో కిరాయికి ఉండేవాడు. నాకన్నా కొంచెం పెద్ద, నాకన్నా చాలా నిదానం. నేను ఒక వాక్యం చెప్పేలోపు మూడు పనులు మొదలుపెడితే, ఆయన ఒక నట్టు బిగించి, దాన్ని వేలితో తడిమి, మళ్లీ బిగించేవాడు. చూస్తుంటే నాకు ప్రాణం విసిగేది. ఆయన కట్టిన యాంటెన్నా మాత్రం గాలివానకు కదలగా నేను చూడలేదు.

ఎక్కే ముందు ఆయన చేసే పని ఒకటుంది. గదిలోకి వచ్చి, గోడ మీది పింగాణీ ఫ్యూజు పీకి, చొక్కా జేబులో వేసుకునేవాడు. బల్ల మీద పెట్టడు, నా చేతికివ్వడు. కరెంటు పని చేసేవాళ్లలో అదొక కట్టుబాటు. పైనున్నవాడి జేబులో ఫ్యూజు ఉన్నంతసేపు కింద ఎవరు స్విచ్చి వేసినా పైకి కరెంటు రాదు. ఎల్బీనగర్ ట్యాంకుకు అది మరీ అవసరం. నాదర్‌గుల్‌లో విమానాలు నేర్చుకునేవాళ్లు మా నెత్తి మీదుగా తిరుగుతుంటారని ఆ టవరు కొసన ఒక ఎర్రదీపం పెట్టారు. గదిలో ఫ్యానుకూ, రేడియోకూ, ఆ ఎర్రదీపానికీ అన్నిటికీ కలిపి ఒకటే ఫ్యూజు. దీపానికి వెళ్లే తీగ ఎండకు పొట్టు రేగి అక్కడక్కడా రాగి బయటపడింది. దాన్ని మార్చాలని నేను చాలాసార్లు గుర్తుచేశాను, "చూస్త మేడం" అనేవాడు.

టీ తాగేటప్పుడు ఉద్యమం మాటలు వచ్చేవి. "వస్తది మేడం, తెలంగాణ వస్తది" అనేవాడు, వాన వస్తుందన్నంత మామూలుగా.

"వస్తే మమ్మల్నేం చేస్తారన్నా?" అన్నాను ఒకసారి. నవ్వుతూనే అన్నాను, కానీ నాన్న ప్రశ్నే అది.

"ఏం జేస్తం? నీళ్లిస్తం. మీరు రేడియోలు మంచిగ పెట్టుండ్రి, గంతే."

నేను నవ్వాను. కొంచెం తేలికపడ్డాను కూడా. అయినా ఇంటికెళ్లి ఆ మాట నాన్నకు చెప్పలేదు. చెబితే, "అందరూ మీ అన్నలా ఉంటారా?" అంటారని తెలుసు.

మా కంపెనీ నడిపే సారుది గుంటూరు. ఆయన లెక్కలు ఆయనకుండేవి. "బంద్ రోజు ట్రాఫిక్ ఉండదమ్మా, ఎల్బీనగర్ పని ఆ రోజు పెట్టేసుకుంటే మధ్యాహ్నానికి అయిపోద్ది" అన్నారు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఆ రోజు వంటావార్పు ఉంది. ఉద్యమంలో అదొక పద్ధతి. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తింటారు. అన్నం తినేవాళ్లను ఎవరు లేపుతారు? బండి కదలదు. అన్న పొద్దున్నే చెప్పాడు. "పైన పని ఒడిసినంక నేను వంటావార్పుకు పోత మేడం. మా ఇంటిది పొద్దుగాలనే పోయింది." సరేనన్నాను.

ట్యాంకు దగ్గర ఆపరేటరు ఒక పెద్దాయన. నేను బాబాయ్ అంటే, "కాకా అనరాదు బిడ్డా, ఇన్నేండ్లాయె ఈడ ఉండవట్టి" అని ఏడిపించేవాడు. నా నోటికి బాబాయే వచ్చేది. అన్న బండి గేటు పక్కన పెట్టి, సంచీ దానికే తగిలించి, గదిలోకొచ్చి ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. ఫ్యాను ఆగింది. పాత రేడియో చివరిసారి గరగరమని ఊరుకుంది. ఆయన ట్యాంకు మధ్యన గొట్టంలా కట్టిన మెట్లదారిలోంచి పైకెళ్లిపోయాడు. కాసేపటికి తాడు దింపాడు, నేను కొత్త యాంటెన్నా కట్టాను, అది మెల్లగా పైకి వెళ్లింది. తర్వాత తాడు కూడా పైకి వెళ్లిపోయింది.

నేను గదిలో కూర్చుని ల్యాప్‌టాప్ పెట్టుకుని కొత్త రేడియోకు అన్నీ నేర్పించుకుంటున్నాను. చెమట కళ్లలోకి కారుతోంది. బయట జనం పెరిగారు. డప్పులు మొదలయ్యాయి. మా ప్రహరీగోడకు ఆనుకునే మైకు బండి నిలబెట్టి పాటలు పెట్టారు. పక్కనున్న మనిషి మాట వినాలన్నా చెవి దగ్గర పెట్టాల్సిందే. పిల్లకాయలు జెండాలు పట్టుకుని అటూ ఇటూ పరిగెడుతున్నారు.

నా పని అయింది. ఇక కరెంటు కావాలి. బయటికొచ్చి పైకి చూశాను. కింది నుంచి చూస్తే ట్యాంకు అడుగు తప్ప పైకప్పు కనబడదు. "అన్నా!" అని అరిచాను. నా అరుపు నాకే వినబడలేదు. ఫోను చేశాను, రింగయి రింగయి ఆగింది. గేటు పక్కన చూస్తే బండి లేదు. మెట్ల దగ్గరికెళ్లాను. ఇనుప తలుపుకు తాళం వేసి ఉంది.

"ఏడి బాబాయ్, అన్న ఏడి?"

"పొయ్యిండు గదా" అన్నాడు పెద్దాయన. "బండి పోవుడు నేనే సూసిన. ఆడు పొయ్యిండనే తాళమేసిన. లేకుంటే ఈ పోరగాండ్లు జెండాలు పట్టుకొని ట్యాంకు మీదికి ఎక్కుతరు బిడ్డా. ఒకడు జారిపడితే ఎవనిది జిమ్మేదారి?"

గదిలోకొచ్చి గోడ చూశాను. ఫ్యూజు ఉండాల్సిన చోట రెండు ఇత్తడి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఫ్యూజు జేబులో వేసుకుని వంటావార్పుకు వెళ్లిపోయాడు. అవతల అన్ని ట్యాంకులు చీకట్లో ఉన్నాయి, ఏది పొర్లుతోందో ఏది ఎండిందో తెలియదు, చూసి రమ్మని మనిషిని పంపుదామంటే రోడ్డు మీద పొయ్యిలున్నాయి. బంద్ కాబట్టి ఫ్యూజు కొందామన్నా ఒక్క షాపు తెరిచి లేదు.

సారు ఫోను చేశారు. "ఏంటమ్మా, కంట్రోల్ రూమువాళ్లు నన్ను తినేస్తున్నారు. ఇంకా అవ్వలేదా?"

చెప్పాను.

"ఫ్యూజు పట్టుకుపోయాడా?" అన్నారు. "కావాలనే పట్టుకుపోయి ఉంటాడమ్మా. బందంటే బందే కదా వాళ్లకి. నీళ్లు కూడా బందు. నువ్వు ఓ రాగితీగ ముక్క చుట్టి కలిపెయ్. ఎంతసేపు పని?"

"కావాలని ఎందుకు చేస్తాడు సార్?"

"నీకు తెలీదమ్మా, అంతా ఒకటే వీళ్లు."

ఫోను పెట్టేశాను. ఆ మాట నాకు నచ్చలేదు. నచ్చకపోయినా అది చెవిలోంచి పోలేదు. ఇన్నేళ్లలో ఎన్నడూ ఫ్యూజు మరిచిపోని మనిషి ఇవాళే ఎలా మరిచిపోతాడు? నీళ్లిస్తం అన్న మనిషే కదా? నవ్వుతూ అన్నాడే? నవ్వుతూ అన్నవన్నీ నిజాలా? ఇలా ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే, నా చేతులు వాటంతటవే సంచీలోంచి రాగితీగ చుట్ట తీసి ఒక ముక్క కత్తిరించాయి. రెండు ఇత్తడి నోళ్ల మధ్య పెట్టి కొలత కూడా చూశాను. సరిపోతుంది.

పెట్టలేదు. జాగ్రత్త వల్ల కాదు, కోపం వల్ల. తీగ పెడితే పని అయిపోతుంది, ఆయన సాయంత్రం నవ్వుకుంటూ వచ్చి జేబులోంచి ఫ్యూజు తీసిస్తాడు. అలా కుదరదు. జనం మధ్యలో నిలబెట్టి, అందరూ చూస్తుండగా ఆ జేబులోంచి నేనే తీసుకోవాలి. కరెంటంటే ఏమిటో తెలిసిన మనిషివి, అవతల నీ కాలనీవాళ్లే బిందెలు పట్టుకుని ఉంటే నీకెలా మనసొచ్చిందని అడగాలి. ముక్క బల్ల మీద పడేశాను.

"నేనొచ్చేదాకా ఏదీ ముట్టుకోకు బాబాయ్" అని చెప్పి బయటపడ్డాను.

చౌరస్తా దూరమేం కాదు, కానీ జనంలో నడక సాగదు. మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. దూరానికి వచ్చాక ట్యాంకు నెత్తి కనబడింది. పైన తెల్లటి గుడ్డ ఒకటి రెపరెపలాడుతోంది. ఎక్కేశారన్నమాట, జెండా కట్టేశారన్నమాట అనుకుని ఇంకా చిరాకు పడి ముందుకు నడిచాను. చుట్టూ అందరి చేతుల్లో జెండాలే ఉంటే ఇంకో జెండాను ఎవరు పట్టించుకుంటారు?

రోడ్డు మధ్యన రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టారు. గుండిగల్లో అన్నం ఉడుకుతోంది, తారు మీద వంకాయలు కుప్పపోసి తరుగుతున్నారు. బస్సులు నడిచే చోట ఆడవాళ్లు బాసింపట్లేసుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. పొగకు నా కళ్లు మండాయి. మగవాళ్లు కూర్చున్న వైపంతా వెతికాను, అన్న లేడు. ఒక గుండిగ దగ్గర వదిన కనబడింది. అన్న భార్యను నేను వదినా అనేదాన్ని. చేతిలో గరిటె, నడుముకు కొంగు బిగించింది.

"అయ్యో మేడం, రాండ్రి, తిందురుగానీ" అంది నన్ను చూడగానే.

"తినడానికి రాలేదు వదినా. అన్న ఎక్కడ?"

నా గొంతుకు ఆమె బెదిరింది. "ఈడికి రాలే కద మేడం. పని ఒడిసినంకనే వస్త అన్నడు. మీ కాడనే ఉండాలె."

"బండి వచ్చింది కదా?"

"బండా? తాళంచెవి దానికే ఉంటే మా తమ్ముడు తెచ్చిండు. బియ్యం తక్కువ వడ్డయని పోయి తీస్కొచ్చిండు. సంచి గూడ దాంతోనే వచ్చింది. అగో, ఆడ వెట్టిన. ఇందాకటి సంది గండ్ల ఫోను మోగుతనే ఉన్నది, నాకు ఎత్తస్తలేదు." పొయ్యి పక్కన అన్న సంచీ ఉంది. నేను చేసిన ఫోను అందులోనే మోగింది.

మెట్ల తలుపుకు తాళం వేసి ఉంది. పిల్లలు ఎక్కకూడదనే పెద్దాయన తాళం వేశాడు. తాళం వేసిన ట్యాంకు మీద ఆ తెల్లగుడ్డ ఎవరు ఊపుతున్నారు?

ఫ్యూజు ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఎక్కినవాడి జేబులో ఉంది. ఆయన పైనే ఉన్నాడు. బల్ల మీద నేను కొలిచి కత్తిరించిన తీగ ముక్క ఉంది, పెద్దాయన దగ్గర ఫోనుంది, అవతల కంట్రోల్ రూము అరుస్తోంది.

వదినకు ఏం చెప్పానో గుర్తులేదు. పరిగెత్తాను. జీవితమంతా అనవసరంగా పరిగెత్తిన కాళ్లు, పరిగెత్తాల్సిన రోజున జనంలో ఇరుక్కుపోయాయి. ఒకాయన భుజానికి కొట్టుకున్నాను, కూర్చున్న ఒకామె విస్తరి తొక్కాను. "గింత ఆగం ఏందమ్మా?" అని వెనక ఎవరో అరిచారు. పెద్దాయనకు ఫోను చేస్తే ఎంగేజ్ వస్తోంది. ఆ శబ్దం విన్నప్పుడు పుట్టినంత భయం నాకు అంతకుముందు తెలియదు. తలెత్తి చూశాను. ట్యాంకు మీద గుడ్డ లేదు. ఊపడం మానేశాడు. అంటే చేతులు ఇంకేదో పనిలో ఉన్నాయి. ఆయన చేతులు ఊరికే ఉండవని నాకు తెలుసు, పైన మిగిలిన పని ఏమిటో కూడా తెలుసు. గుర్తుచేసి గుర్తుచేసి ప్రాణం తీసింది నేనే.

గదిలోకి వెళ్లేసరికి పెద్దాయన భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, "ఆఁ ఆఁ, పెడుతున్న సారూ, ఒక్క నిమిషం" అంటున్నాడు. తీగ ఒక కొస ఇత్తడి నోట్లో ఉంది. రెండో కొస ఆయన చేతిలోని పటకారులో ఉంది. నేను మీద పడ్డట్టే పడి ఆయన చెయ్యి లాగేశాను. ఫోను కిందపడింది.

"పైనున్నాడు!" అన్నాను. "తాళం! తాళం తియ్యి కాకా!"

బాబాయ్ అనలేదని తర్వాత ఎప్పుడో గుర్తొచ్చింది. పెద్దాయన నన్ను చూసి, చేతిలోని పటకారు చూసి, అక్కడే కూలబడ్డాడు. తాళంచెవి ఆయన నడుముకున్న గుడ్డలోంచి నేనే తీసుకున్నాను. తలుపు తీసి మెట్లన్నీ ఎక్కాను. పైకప్పు మీదికి వచ్చేసరికి ఎండ మొహాన కొట్టింది. అన్న చొక్కా లేకుండా టవరు మధ్యలో నడుముకు తాడు కట్టుకుని కూర్చున్నాడు. పాత తీగ ఎర్రదీపం నుంచి ఊడదీసి, పొట్టు రేగినచోట రెండు చేతులా పట్టుకుని గుంజుతున్నాడు.

"దిగన్నా" అన్నాను. అక్కడే కూర్చుని ఏడ్చాను. సిగ్గు లేకుండా, వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆయన నిదానంగా దిగి వచ్చాడు. పెదవులు ఎండిపోయాయి, భుజాలు కందిపోయాయి. "ఏమైంది మేడం? ఎవలకన్న ఏమన్న అయిందా?" అన్నాడు.

"నువ్వెందుకు దిగలేదు?"

"దిగిన. తలుపు తాళమేసున్నది. కొట్టి కొట్టి యాష్టకొచ్చింది, ఆ డప్పులకు ఎవలు ఇంటరు? మల్ల పైకొచ్చి ఫ్యూజు ప్యాంటు జేబుల ఏస్కొని అంగీ ఇప్పి ఊపిన. మీరు చౌరస్తా దిక్కు ఉరుకుడు కూడ జూసిన. ఎట్లైన తాళం తీసేదాక ఊకె ఎందుకుండుడని మీరు చెప్పిన తీగ పని వెట్టుకున్న." మొహం తుడుచుకున్నాడు. "చౌరస్తాకెందుకు పొయిండ్రు మేడం?"

చెప్పాల్సిన అవసరం రాలేదు. కిందికి వచ్చి గదిలోకి అడుగుపెట్టగానే ఆయన గోడ చూశాడు. తీగ ముక్క ఇంకా ఒక కొస ఇరుక్కునే ఉంది. నేల మీద కూర్చున్న పెద్దాయన తల ఎత్తలేదు. అన్న ఆ తీగను చాలాసేపు చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"ఫ్యూజు పట్టుకొని పొయిండు అనుకున్నరా?"

పెద్దాయనను అడుగుతున్నట్టు అడిగాడు గానీ చూపు నా మీదే ఉంది. కోపం లేదు ఆ గొంతులో. కోపముంటే నేనూ ఎదురు అరిచేదాన్ని, నాకది బాగా వచ్చు. ఆయన తీగ ముక్క పీకి పారేసి, జేబులోంచి ఫ్యూజు తీసి, దాని చోట నొక్కాడు. ఫ్యాను తిరిగింది. కొత్త రేడియో దీపాలు వెలిగాయి. కాసేపటికే అవతలి ట్యాంకులు ఒక్కొక్కటీ ల్యాప్‌టాప్ మీదికి వచ్చి తమ అంకె చెప్పాయి. ఒకటి పొర్లుతోంది, ఒకటి అడుగంటింది, మిగతావి బాగానే ఉన్నాయి. కంట్రోల్ రూమువాళ్లు దేన్ని ఆపాలో దాన్ని ఆపారు. సారు ఫోను చేసి, "చూశావా, తీగ పెడితే అయిపోయింది కదా" అన్నారు. నేను ఏమన్నానో ఇక్కడ రాయలేను. ఆ నెలలో ఆయన నాతో పెద్దగా మాట్లాడలేదు.

అన్న కుండలో నీళ్లు తాగి, చొక్కా తొడుక్కుని, వంటావార్పుకు నడిచి వెళ్లాడు. రోజూ అయితే, "మీరు గూడ రాండ్రి మేడం" అనేవాడు. ఆ రోజు అనలేదు. నేను గది తలుపు వేసుకుని ఇంటికి వెళ్లాను. రాత్రి నాన్న టీవీ పెట్టి మామూలు ప్రశ్న అడిగారు. కంచం ముందు నుంచి లేచిపోయాను.

ఇల్లు అలకగానే పండగ కాదు కదా, మా వరుసలో ఇంకా సరూర్‌నగర్ ట్యాంకు మిగిలి ఉంది. తర్వాత అక్కడికి వెళ్లాం. అన్న ఎప్పటిలాగే మాట్లాడాడు, టీ తెప్పించాడు, ఎండ గురించి అన్నాడు. ఏమీ జరగలేదనుకోవడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. ఆయన గదిలోకి వచ్చి ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. వెనక్కి వచ్చి, బల్ల మీద తెరిచి ఉన్న నా సంచీలోంచి రాగితీగ చుట్ట తీసి, దాన్ని కూడా జేబులో వేసుకున్నాడు. నా మొహం చూడలేదు. మెట్ల వైపు వెళ్లిపోయాడు.

ఆయన వెనకే వెళ్లి, మెట్ల తలుపుకు వేలాడుతున్న తాళం తీసి నా జేబులో వేసుకున్నాను. మొదటి మెట్టు మీద కూర్చున్నాను. కాలు ఊపకుండా, ఎక్కడికీ లేవకుండా, ఆయన దిగి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.